ఇబ్రిలో మా అక్క చేయని యుద్ధం

మూడేళ్ళ క్రితం నేను ఒమన్ వెళ్ళొచ్చి, ఆ ప్రయాణం గురించి ఒక మాసపత్రికలో రాశాను. చదివినవాళ్ళు బాగా నవ్వుకున్నారు. ముఖ్యంగా ఆవకాయ జాడీ చేతిలో ఓడిపోయిన ఇనుప కవచం కథకి. ఆ కథ అబద్ధం. ఆవకాయకి ఏ పాపమూ తెలియదు. ఆ జాడీ సర్దిన మా అక్కకి అసలే తెలియదు. కవచాన్ని పాడుచేసింది నేను. అక్కడున్నప్పుడు ఆ మాట చెప్పలేదు, ఇంటికొచ్చాక రాయలేదు. అందుకని అదే ప్రయాణాన్ని మళ్ళీ మొదటినుంచి రాస్తున్నాను. ఒమన్ చూడనివాళ్ళకి ఆ దేశం కబుర్లు ఇందులోనూ ఉంటాయి. మొదటిసారి దాచినవి కూడా ఉంటాయి.

మస్కట్

మా అక్క సుగుణమ్మ మస్కట్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. బావగారు జయరాజుగారు ఒక కంపెనీలో స్టోర్‌కీపరు. వాళ్ళ అమ్మాయి విమల. నేను బాపట్లలో తెలుగు మాస్టారిని. క్రిస్మస్ అయ్యాక సెలవు పెట్టి, అక్క అడిగిన ఆవకాయ జాడీ ఒళ్ళో పెట్టుకుని బొంబాయిలో విమానం ఎక్కాను.

ఇంటికి చేరేసరికి ముగ్గురూ చాప మీద కూర్చుని ఉన్నారు. బావగారు ఒక ఇనుప చువ్వకి తీగ చుడుతున్నారు. విమల ఆ చుట్టల్ని కత్తిరించి రింగులు చేస్తోంది. అక్క రెండు పట్టకార్లతో ఆ రింగుల్ని ఒకదానిలో ఒకటి గుచ్చి నొక్కుతోంది. మల్లెపూలు మాల కట్టినంత వేగంగా కడుతోంది.

"ఏంటక్కా ఇది? కోళ్ళగూటికి జాలీనా?" అన్నాను.

"నోరు మూసుకుని చెప్పులక్కడ విప్పు. ఇది కవచం."

"ఎవరికి?"

బావగారు తలెత్తకుండానే జవాబు చెప్పారు. "ఇంకెవరికయ్యా, మీ అక్కకి. నాకు జెండా ఇచ్చారు. పెళ్ళయిన కొత్తలోనే ఇచ్చుంటే ఈపాటికి అలవాటు పడేవాణ్ణి."

సంగతేమిటంటే, ఒమన్‌లో ఉద్యోగాలు చేసే ఇంగ్లీషువాళ్ళు కొందరు శుక్రవారం సెలవు రోజున తమ తాతల తాతల కాలపు యుద్ధాలు ఆడుకుంటారు. ఆనాటి బట్టలు కుట్టుకుంటారు, ఆనాటి వంటలు వండుకుంటారు, బెత్తం కర్రకి గుడ్డ చుట్టి కత్తి అంటారు. ఎవరూ చావరు. సాయంత్రం అందరూ కలిసి టీ తాగుతారు. వాళ్ళ పెద్ద డెరెక్ అనే ఇంజనీరు. ఒకసారి ఈ ఆటలో వేలు విరగ్గొట్టుకుని అక్క పనిచేసే ఆసుపత్రికి వచ్చాడు. ఎలా విరిగిందని అక్క అడిగింది. అతను చెప్పాడు. అక్క నమ్మలేదు. వచ్చి చూడమన్నాడు.

చూడ్డానికి వెళ్ళిన కుటుంబం అక్కడే చిక్కుకుంది. బావగారికి అక్కడ కాల్చే గొర్రెమాంసం నచ్చింది. విమలకి డప్పు దొరికింది. అక్కకి డాలు దొరికింది. డెరెక్ భార్య హెలెన్ తన మందపాటి కోటు అరువిచ్చి సాధన చేయిస్తే, నాలుగు శుక్రవారాల్లో అక్క కుర్రవాళ్ళని కూడా గీత దాటించి అవతలికి నెట్టేస్తోందట. మంచాల మీద మనుషుల్ని అటూ ఇటూ దొర్లించిన చేతులు మరి.

"మీ దేశంలో ఆ కాలపు సిపాయిలు ఏం తొడుక్కునేవాళ్ళు?" అని డెరెక్ అడిగితే, అక్క నాకు ఉత్తరం రాసింది. కాకతీయుల సిపాయిల గురించి నాలుగు పేజీలు జవాబు రాశాను. అందులో ఒక పేజీ నిజం. వాళ్ళు ఇనుప రింగుల చొక్కాలు వేసుకున్నారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. అక్క మాత్రం ఆ ఉత్తరాన్ని బైబిల్‌ని నమ్మినట్టు నమ్మి ఏడాది పొడుగునా రింగులు గుచ్చింది.

"ఇంత కష్టం ఎందుకక్కా?" అని అడిగాను.

"పొద్దుటినుంచీ సిస్టర్ సిస్టర్ అని పిలుస్తుంటే పరిగెడతాను. ఇంటికొస్తే అమ్మా అని ఇది, ఏమేవ్ అని ఆయన. శుక్రవారం డాలు పట్టుకుని నిలబడితే ఎవ్వరూ పిలవరు తమ్ముడూ. నేనే అవతలివాణ్ణి రమ్మంటాను."

ఆ వారంలోనే ఇబ్రిలో పెద్ద ఆట ఉంది. ఎడారి క్యాంపుల్లో ఉండే ఇంగ్లీషువాళ్ళు కూడా వస్తారు. డెరెక్ కాంట్రాక్టు అయిపోయింది. నెల తిరక్కుండా ఊరెళ్ళిపోతాడు. అతను వెళ్తే ఈ ఆట నడిపేవాళ్ళు లేరు. అక్క సాధనే చేసింది గాని అసలు ఆటలో ఒక్కసారీ దిగలేదు. ఇబ్రిలో దిగాలి. లేకపోతే ఇక లేనట్టే.

సమాయిల్

బావగారి కంపెనీ జీపులో గురువారం పొద్దున్నే బయల్దేరాం. వెనక గోనెసంచి మీద ఇనుప చొక్కా, దాని పక్కనే నేను తెచ్చిన ఆవకాయ జాడీ సర్దింది అక్క. నిజ్వా దాకా కొత్త తారు రోడ్డు. రెండు వైపులా చెట్టన్నది లేని కొండలు. అప్పటికి ఆరేడేళ్ళ క్రితం దాకా పాత మస్కట్ ఊరికి చీకటి పడగానే కోట తలుపులు వేసేసేవారట. ఆ తర్వాత వీధిలో తిరగాలంటే చేతిలో లాంతరు ఉండాల్సిందేనట. "ఇక్కడ పాతకాలం మొన్ననే అయిపోయింది," అన్నారు బావగారు. "ఈ దొరలు అప్పుడే దాన్ని మళ్ళీ మొదలెట్టారు."

సమాయిల్ ఖర్జూరపు తోటల ఊరు. ఫలజ్ అనే చిన్న కాలవ తోటల మధ్య పారుతుంటుంది. మన గుంటూరు కాలవల్లాగే ఎవరి వంతు నీళ్ళు వాళ్ళవి. గొడవలూ ఉంటాయట, గండ్లు కొట్టుకోవడం మాత్రం లేదట. నీళ్ళకోసం ఆగితే ఒక ముసలాయన మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టి ఖర్జూరాలూ కాఫీ పెట్టాడు. ఆ కాఫీలో పాలూ చక్కెరా ఉండవు, యాలకులుంటాయి. ఉగ్గుగిన్నె అంత కప్పు. ఖాళీ అవగానే నింపుతాడు. మన దగ్గర అతిథి వద్దన్నా వడ్డిస్తాం కదా, ఇక్కడా అంతే అనుకుని మర్యాదకి తాగుతూ పోయాను. కప్పుని అటూ ఇటూ ఊపి ఇస్తే చాలని అర్థమట. అది బావగారికి తెలుసు. చెప్పలేదు.

"నువ్వెక్కడ ఆగుతావో చూద్దామని," అన్నారు తర్వాత.

జీపులో ఉన్న ఇనుప చొక్కాని చూసి ముసలాయన అరబ్బీలో ఏదో అన్నాడు. బావగారు నవ్వాపుకుని తెలుగులో చెప్పారు. వాళ్ళ తాతకి అలాంటిదే ఉండేదట. ఆయన దాన్ని మేకల దొడ్డికి తలుపుగా కట్టేశాడట.

"అడగండి, మేకలు బయటికొచ్చాయేమో," అంది అక్క.

రాలేదట. అక్క చాలా సంతోషించింది.

నిజ్వా

నిజ్వాలో అక్క స్నేహితురాలు అన్నమ్మ అనే మలయాళీ నర్సు ఇంట్లో దిగాం. ఆ ఊరి కోట బురుజు మన కోటల్లా కాదు, పెద్ద ధాన్యపు గాదెని రాతితో కట్టినట్టు గుండ్రంగా ఉంటుంది. దాని నీడలో బజారు. రాగి బాణలిలో పొద్దుటినుంచీ కలుపుతూనే ఉండే హల్వా అమ్ముతారు. చిన్న మట్టిగిన్నెడు అర రియాలు. అంటే మన డబ్బు పన్నెండు రూపాయల పైచిలుకు. ఆ డబ్బుతో బాపట్లలో ఒక పెళ్ళికి బూందీ దూయొచ్చు అన్నాను. అక్క నా నోట్లో ఒక ముద్ద పెట్టి మాట ఆపించింది. నెయ్యి, కుంకుమపువ్వు, రోజాపూల నీళ్ళు. పన్నెండు రూపాయలూ ఎక్కడికి పోయాయో తెలిసింది.

నేను ఆ బజారుని పూర్తిగా చూడలేదు. సమాయిల్ కాఫీ, ఖర్జూరాలు, ఈ హల్వా కలిసి నా కడుపులో వేరే యుద్ధం మొదలెట్టాయి. నన్ను అన్నమ్మగారింట్లో వదిలి మిగతావాళ్ళు మళ్ళీ బజారుకెళ్ళారు. ఇక్కడినుంచి మొదటిసారి నేను రాయనిది.

కడుపు కాస్త కుదుటపడ్డాక నాకు సిగ్గేసింది. వచ్చినప్పటినుంచీ అక్క వండుతోంది, బావగారు తిప్పుతున్నారు, నేను తింటున్నాను. ఏదైనా సాయం చేద్దామని చూస్తే జీపులో ఇనుప చొక్కా కనబడింది. దారి దుమ్ముతో వెలిసిపోయినట్టు ఉంది. రేపు ఇంగ్లీషువాళ్ళ ముందు అక్క దీన్ని తొడుక్కుని నిలబడాలి. మా ఇంట్లో క్రిస్మస్ ముందు ఇత్తడి సామానంతా చింతపండుతో తోమితే బంగారంలా అయ్యేది. చారుకోసం అక్క తెచ్చిన చింతపండు బుట్టలోనే ఉంది.

సగం ఉండ పిసికి, పెద్ద తొట్టిలో నీళ్ళు పోసి, చొక్కాని నానబెట్టాను. చేత్తో తోమితే రింగులు గోళ్ళు పట్టేస్తున్నాయి. అందుకని తొట్టిలో దిగి, దుప్పట్లు తొక్కినట్టు తొక్కాను. కాళ్ళు కోసుకుంటాయని బావగారి బూట్లు తొడుక్కుని మరీ తొక్కాను. కాసేపటికి చొక్కా తెల్లగా మెరిసింది. నాకెంత గర్వం కలిగిందంటే, ఇంకా మెరుస్తుందని మరికొంచెం చింతపండు వేసి సాయంత్రం దాకా అలాగే ఉంచాను.

బజారునుంచి వాళ్ళ మాటలు వినబడేసరికి చొక్కాని తీసి, నీళ్ళోడుతుండగానే గోనెసంచిలో చుట్టి జీపులో దాని చోట పెట్టేశాను. పొద్దున్న సంచి విప్పి అందరూ ఆశ్చర్యపోవాలని ఎవరికీ చెప్పలేదు. ఆ తీగకి తుప్పు పట్టకుండా పైన పల్చటి పూత ఉంటుందనీ, పులుపు తగిలితే అదంతా పోతుందనీ, కింద ఇనుము తడికి తెల్లారేసరికి తుప్పు పడుతుందనీ నాకు తెలియదు. బట్టలనుకుని తొక్కినందుకు ఎన్ని రింగులు నోళ్ళు తెరిచాయో చూడనూ లేదు.

బహ్లా

శుక్రవారం తెల్లవారుతుండగా బయల్దేరాం. బహ్లా కుండలు చేసే ఊరు. అక్కడ జిన్నులనే భూతాలు తిరుగుతాయని ఒమన్ అంతా అనుకుంటుంది. ఊరి చుట్టూ ఉన్న మైళ్ళ పొడుగు మట్టిగోడని కూడా ఒక్క రాత్రిలో ఎవరో కట్టేశారట. "మా కంపెనీకి వాళ్ళ అడ్రసు కావాలి," అన్నారు బావగారు.

టీ కొట్టు దగ్గర తెలుగు వినబడింది. నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి, పేరు గంగారాం, రోడ్డు పని చేస్తున్నాడట. జీపులో డాలూ కర్రలూ చూసి దగ్గరికొచ్చాడు.

"ఏడికి పోతున్నరమ్మా? నాటకం ఉన్నదా?"

"యుద్ధానికి బాబూ," అంది అక్క.

"ఎవరి మీద?"

"ఎవరి మీదా కాదు. ఉట్టిదే."

గంగారాం ఒక కర్ర తీసి బరువు చూశాడు. "ఉట్టి పుణ్యానికి కొట్లాడేదుంటే మా ఫోర్‌మన్ ఉన్నడమ్మా, ముందుగాల గాన్ని జూడుండ్రి. సైట్ గీ పక్కనే."

టీ డబ్బులు అతనే ఇచ్చాడు. వద్దంటే వినలేదు. ఆర్నెల్లయిందట ఇంట్లో ఆడమనిషి అడిగినట్టు 'తిన్నావా' అని ఎవరైనా అడిగి. అక్క అడిగిందని ఇచ్చాడు.

బహ్లా దాటాక సరైన బాట కూడా లేదు. జీపు ఎగిరెగిరి పడింది. విమల తల రెండుసార్లు పైకప్పుకి కొట్టుకుంది. వెనక ఆవకాయ జాడీ మూతికి కట్టిన గుడ్డ వదులై, నూనె కారి గోనెసంచి ఒక వైపంతా ఎర్రగా తడిసింది. ఆ సంగతి మాకు ఇబ్రిలో తెలిసింది.

ఇబ్రి

ఊరి బయట వాగు ఎండిపోయిన చోట డేరాలు వేసి, రంగు జెండాలు పాతారు. ఇబ్రి పెద్దమనుషులు నడుముకి వంపు కత్తులతో, భుజాన తుపాకులతో వచ్చి వరసగా కూర్చున్నారు. అవి రోజూ పెట్టుకునేవే. అసలైన ఆయుధాలు పెట్టుకున్నవాళ్ళు కూర్చుని, కర్రలు పట్టుకున్నవాళ్ళు పోట్లాడుకోవడం చూడాలి. ఒక పెద్దాయన ఉర్దూలో నన్నడిగాడు, వీళ్ళకి పొలం తగాదానా, పెళ్ళి తగాదానా అని. ఏదీ లేదన్నాను. "కోపం లేకుండా కొట్టుకుంటే దెబ్బ బాగా తగలదే," అని ఆయన బాధపడ్డాడు.

ఆటలో దిగేవాళ్ళ కవచాలన్నీ డెరెక్ చూస్తాడు. గట్టిగా లేనివాటిని ఒప్పుకోడు. అక్క వరసలో నిలబడింది. వెనక జెండాతో బావగారు, డప్పుతో విమల. తెలుగు సైన్యం మొత్తం అంతే. నేను ముందుకెళ్ళి నిలబడ్డాను, మెరుపు చూడ్డానికి.

అక్క గోనెసంచి విప్పింది. లోపల చొక్కా ఎర్రమట్టి రంగులో ఉంది. మధ్య మధ్య నల్లటి చారలు. అక్క దాన్ని రెండు చేతుల్తో పైకెత్తితే, తుప్పు పొడి ఆమె తెల్లబట్టల మీద రాలింది. డెరెక్ వేలు పెట్టి చూస్తే రెండు రింగులు ఊడి చేతిలోకి వచ్చాయి. వీపు వైపు అరచెయ్యి దూరేటంత సందుంది.

బావగారు ఎర్రగా నూనె కారుతున్న సంచిని చూశారు. వాసన చూశారు.

"సుగుణా, ఆ జాడీని దీని పక్కన పెట్టొద్దని చెప్పానా?" అన్నారు.

"చెప్పారు."

"ఉప్పూ కారమూ నూనే. ఇనుముని తినేశాయి. జాడీ బరువుకి రింగులు కూడా విడిపోయాయి."

ఆయన గట్టిగా అనలేదు. సంగతేమిటని హెలెన్ అడిగితే ఇంగ్లీషులో చెప్పారు, కొంచెం తమాషాగానే. పచ్చడి కవచాన్ని ఓడించిందని విని చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వులో అక్క కూడా నవ్వడానికి ప్రయత్నించింది. నా నాలుక చివర మాట ఉంది. ఇంతమంది నవ్వు నామీదికి తిరుగుతుందనుకున్నాను. తర్వాత చెబుదాంలే అనుకున్నాను.

డెరెక్ అక్కని అడిగాడు, ఎవరిదైనా కోటు అరువు దొరుకుతుందేమో చూడమంటారా అని. హెలెన్ అప్పటికే తన డేరా వైపు తిరిగింది. అక్క తల అడ్డంగా ఊపింది.

"వద్దు. నా అశ్రద్ధకి మీ ఆట ఎందుకు ఆగాలి? కానివ్వండి," అంది.

యోధుడు లేని జెండా గీత దాటకూడదని నియమం. బావగారు జెండా పట్టుకుని గీతకి ఇవతలే నిలబడ్డారు. విమల డప్పు కొట్టలేదు. అక్క ఆట బట్టలు విప్పి చీర కట్టుకుని వంట డేరాలోకి వెళ్ళి, మధ్యాహ్నం అందరికీ అన్నం వడ్డించింది. డేరా గుడ్డ పక్కనుంచి మైదానం కనబడుతోంది. కర్రల చప్పుడు వచ్చినప్పుడల్లా అక్క గరిటె ఆగేది. నేను కంచాలు అందిస్తున్నాను.

తిరుగు దారి

మర్నాడు జీపులో తిరుగు దారి పట్టాం. బావగారు నవ్వించాలని చూశారు. "జెండాకి మేకు దొరికితే చాలు, నా అవసరం కూడా లేదని తెలిసింది," అన్నారు. అక్క కిటికీలోంచి కొండల్ని చూస్తూ, "నా తిండి యావ వల్లే కదండీ ఇదంతా," అంది.

డెరెక్ ఊరెళ్ళిపోయాడు. ఆ ఆట ఆగిపోయింది. నేను బాపట్ల వచ్చి ఆ యాత్ర రాశాను. ఆవకాయ దగ్గరికి వచ్చేసరికి కలం ఒక్క క్షణం ఆగింది. అప్పటికి నా మనసులోనే ఆ కథ బాగా కుదిరింది. నిజం రాస్తే అంత నవ్వు రాదు. అచ్చయ్యాక చర్చిలో నన్ను అందరూ మెచ్చుకున్నారు. పాస్టరుగారు ఒక ఆదివారం ప్రసంగంలో కూడా వాడుకున్నారు, అశ్రద్ధకి ఉదాహరణగా.

బాపట్ల

ఈ ఏడు అక్కావాళ్ళు సెలవుకి వచ్చారు. ఒకరింట్లో భోజనాలప్పుడు ఒకావిడ, "మా ఆవకాయ సిపాయికి ఇంకొంచెం అన్నం పెట్టండే," అంది. అందరూ నవ్వారు. వినని వాళ్ళెవరో ఏమిటా కథ అనడిగితే, అక్కే చెప్పడం మొదలెట్టింది. నేను రాసిన మాటలతోనే, నేను రాసినదానికన్నా బాగా చెప్పింది. చివర, "ఏడాది కష్టం ఒక్క జాడీ పాలు చేశాను, నా బుద్ధే అంత," అంది. అది నేను రాసిన మాట కాదు. తను చేర్చుకున్నది.

వాళ్ళ బొంబాయి ప్రయాణం రోజు స్టేషనుకి వెళ్ళాను. రైలు ఆలస్యం. బావగారూ విమలా పెట్టె ఎక్కడ ఆగుతుందో కనుక్కోడానికి వెళ్ళారు. బల్ల మీద అక్క, నేను. నేల చూస్తూ చెప్పాను. చింతపండు, తొట్టి, బూట్లు, తడి గోనె, అన్నీ చెప్పాను.

"బూట్లతోనా?" అంది అక్క.

"బూట్లతోనే."

ఒక్కసారి నవ్వొచ్చింది తనకి. తర్వాత ఆ నవ్వు పోయింది.

"చొక్కా ఎవరు పాడుచేస్తేనేం రా," అంది. "ఆ రోజు దొర అడిగాడు, ఎవరిదైనా అరువు తెమ్మంటావా అని. హెలెన్ కోటు నాకు సరిపోయేది. తప్పు నాది కాదని తెలిస్తే నేనే పరిగెత్తి తెచ్చుకునేదాన్ని. నాదే అనుకున్నాను కాబట్టి అడగడానికి నోరు రాలేదు. నువ్వు అక్కడే ఉన్నావు."

"ఉన్నానక్కా. కంచాలందిస్తూ నీ పక్కనే ఉన్నాను. ఆఖరి దాకా చెప్పడానికి టైముంది, చెప్పలేదు. తర్వాత దాన్ని రాసి పదిమందినీ నవ్వించాను. నువ్వు నోరు తెరిచి అడగాల్సినదాన్ని అడగకుండా చేశాను. తప్పు నాదే, నీది కాదు. నన్ను క్షమించక్కా."